మైలవరం అడిగిన ఏడాది

ఆ గదికి ఒకప్పుడు కిటికీ ఉండేది. వెలుతురు పడితే టీవీలో బొమ్మ వెలిసిపోతుందని హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు దాన్ని థర్మోకోల్‌తో మూయించి, పైన నీలం గుడ్డ కొట్టించాడు. తలుపుకి చుట్టూ రబ్బరు అంచు. లోపల ఏసీ, ఎదురుగా పెద్ద టీవీ, దాని నెత్తిన కెమెరా. గవర్నరుపేటలో మా కంపెనీ ఆఫీసు వెనకభాగాన, పాత క్యాలెండర్లూ ఖాళీ సీసాలూ పడేసే కొట్టు అది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో దాన్ని వీడియో కాన్ఫరెన్స్ రూం చేశారు. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం అక్కడే గడిచింది.

మాది విత్తనాలు, పురుగుమందుల కంపెనీ. యజమానిని అందరం ఎం.డి. గారనేవాళ్ళం. ఆయన ఈ జిల్లా మనిషే, వ్యాపారం పెరిగాక హైదరాబాదు మారిపోయారు. విజయవాడ ఆఫీసు జనరల్ మేనేజరు గారి చేతిలో ఉండేది. బందరు, గుడివాడ, అవనిగడ్డ, మైలవరాల్లో డిపోలు. ఒక్కో డిపోకి ఒక ఇన్‌ఛార్జి, ఒక గుమాస్తా, సీజన్లో కౌంటరు ముందు రైతులు.

నేను ఆఫీసులో టెక్నికల్ ఆఫీసర్ని. అంటే రైతు తెచ్చిన ఆకు చూసి తెగులు పేరు చెప్పడం, ఏ మందు ఎంత కలపాలో చెప్పడం.

మాది కూచిపూడి పక్క ఊరు. మా తాతగారి రోజుల్లో ఆ చుట్టుపక్కల మా ఇంటిపేరు చెబితే వేరే చిరునామా అక్కర్లేదు. తొంభైల్లో మా నాన్నగారు అందరిలాగే వరిచేలు తవ్వించి రొయ్యల చెరువులు చేయించారు. మొదట్లో బాగానే పండాయి. తర్వాత తెల్లమచ్చ రోగం వచ్చింది. చెరువులు పోయాయి, మిగిలిన చేలు పోయాయి, చివరికి ఇల్లూ పోయింది. కొన్నవాళ్ళు ముందు వాకిట్లో రేకుల షెడ్డు వేసి దాన్ని ఫంక్షన్ హాలు చేశారు. ఆ సంగతి ఒక్కసారైనా నోటితో అనకుండానే మా నాన్నగారు వెళ్ళిపోయారు. నాకు మిగిలినవి వ్యవసాయ డిగ్రీ, ఇంటిపేరు. డిగ్రీ ఉద్యోగం తెచ్చిపెట్టింది.

ఇంటిపేరు తెచ్చిపెట్టింది వేరు. డెల్టాలో ఏ డిపోకి వెళ్ళినా ఎవరో ఒక పెద్దాయన నా పేరు విని తలెత్తేవాడు. "ఫలానావారి అబ్బాయా మీరు?" అనేవాడు. ఆ తర్వాత ఆయన చూపు నా చొక్కా మీదకి, చెప్పుల మీదకి, భుజానున్న కంపెనీ సంచి మీదకి దిగేది. కొందరు గభాల్న లేచి కుర్చీ ఇచ్చేవారు. పట్టించుకోనివాళ్ళ కంటే కుర్చీ ఇచ్చేవాళ్ళే నన్ను ఎక్కువ బాధపెట్టారు.

అందుకే నాకు మైలవరం కావాలనిపించింది. అది మా కాలవల కింది దేశం కాదు. ఎర్రనేలలు, మామిడితోటలు, పత్తి. అక్కడ మా పేరు ఎరిగినవాడు ఉండడని నా లెక్క. అక్కడి ఇన్‌ఛార్జి సీజన్ చివర ఉద్యోగం మానేసి గుంటూరు వెళ్ళిపోతున్నాడని తెలియగానే ఆ పోస్టు నాకిమ్మని అడిగాను. నేను ఎవరినీ ఏదీ అడిగినవాణ్ణి కాను. జనరల్ మేనేజరు గారికి ఆ సంగతి తెలుసు. "చూద్దాంలెండి" అన్నారు, చిన్నగా నవ్వి.

అడిగిన వారంలోనే ఆ గది ప్రారంభమైంది.

గుమ్మంలో కొబ్బరికాయ కొడితే నీళ్ళు కొత్త కార్పెట్ మీద పడ్డాయి. ఆఫీసంతా లోపల ఇరుక్కుని కూర్చున్నాం. టీవీలో ముందు గళ్ళు గళ్ళుగా ఏదో కదిలింది, తర్వాత ఖాళీ కుర్చీ కనిపించింది, ఆ తర్వాత ఎం.డి. గారు వచ్చి అందులో కూర్చున్నారు. ఆయన కనబడీ కనబడకముందే గదిలో అందరూ దిగ్గున లేచి నిలబడ్డారు.

నేను లేవలేదు. ఎదురుగా మనిషి వస్తే లేస్తాను, అది మర్యాద. టీవీకి లేవడం నా వల్ల కాలేదు. మా ఇంట్లో మగవాళ్ళకి లేచి నిలబడటం ఎవరూ అంతగా నేర్పలేదన్నది కూడా నిజమే.

కెమెరా కూర్చున్నవాళ్ళ ఎత్తుకి బిగించి ఉంది.

"ఏంటయ్యా అది?" అన్నారు ఎం.డి. గారు. పెదవులు ముందు కదిలేవి, మాట కాస్త ఆగి వెనకాల వచ్చేది. "నాకన్నీ బెల్టులూ పొట్టలూ కనపడుతున్నాయి. తలకాయలేవి?"

ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. యజమాని మాట్లాడుతుంటే కూర్చోవడమెలా? జనరల్ మేనేజరు గారు నిలబడే నడుము వంచి మొహం కెమెరా ముందుకి తెచ్చారు. "సార్, నమస్కారం సార్."

"మీరు తప్పుకోండి, అడ్డం వస్తున్నారు. ఎవరాయన, మధ్యలో కూర్చున్నాయన? ఆయనొక్కడే మనిషిలా కనపడుతున్నాడు."

"మన టెక్నికల్ ఆఫీసరండీ..."

"ఆయన్నే పెట్టండి రోజూ. చక్కగా కూర్చున్నాడు."

అలా, లేవనందుకు ఆ కుర్చీ నాకు దక్కింది. బయటికి వచ్చాక జనరల్ మేనేజరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ కూర్చోవడం సార్‌కి తెగ నచ్చిందండీ" అన్నారు. అందులో ఎంత నవ్వు ఉందో అంత మంటా ఉంది.

ఎం.డి. గారి ఉద్దేశం మంచిదే. వరికి పట్టే సుడిదోమ ముందు ఒకచోట కనబడుతుంది, చూస్తుండగానే పక్క మండలాలకి పాకుతుంది. గుడివాడ డిపోకి తెలిసిన సంగతి అదే పూట బందరుకీ అవనిగడ్డకీ తెలిస్తే రైతు ముందే జాగ్రత్తపడతాడు, మన మందూ ముందే అమ్ముడుపోతుంది. ఒకరికి తెలిసింది అందరికీ తెలియాలి, అదీ ఆయన పట్టు. అందుకని ప్రతి డిపోలో ఒక టీవీ, కెమెరా పెట్టించారు. రోజూ పొద్దున ఆఫీసు తెరవగానే లైను. మా టీవీలో తెర నాలుగు ముక్కలై, ఒక్కో ముక్కలో ఒక్కో డిపో ఇన్‌ఛార్జి కనిపించేవాడు. వాళ్ళ టీవీల్లో నేను. నా పక్కన, కొంచెం వెనగ్గా, జనరల్ మేనేజరు గారు. వారానికోసారి, సోమవారం, ఎం.డి. గారు కూడా హైదరాబాదు నుంచి కలిసేవారు.

"బందరు, చెప్పండి."

"అంతా బాగుందండి."

"గుడివాడ?"

"బాగుందండి."

"అవనిగడ్డ?"

"ఇక్కడా బాగుందండి."

మైలవరం ఇన్‌ఛార్జి చెయ్యెత్తి ఊపేవాడు, అంటే అక్కడా బాగున్నట్టు.

లైను ఆపి నా టేబులు దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగేది. "సార్, అక్కడ చెప్పలేకపోయానండీ, స్టాకు రెండు రోజుల్లో అయిపోతుంది." "సార్, ఆ విత్తనం సరిగా మొలవలేదండీ, ఆయన ముందు ఎలా చెప్పను?" ఆ ఫోన్లు విని నేను జనరల్ మేనేజరు గారి గదిలోకి వెళ్ళి మెల్లిగా చెప్పేవాణ్ణి. అంత డబ్బు పోసి పెట్టిన టీవీ చేస్తున్న పనల్లా మా మేనేజరు గారి మొహం నలుగురికీ చూపించి, నలుగురి నోళ్ళూ మూయించడం. వాళ్ళ తప్పని నేననను. పెద్దవాళ్ళ ఎదుట కాదనకపోవడం మా అందరికీ ఇంట్లోనే అలవాటు చేశారు. మా తాతగారి అరుగు ముందు కూడా జనం ఇలాగే అంతా బాగుందని ఉంటారని ఆ గదిలో కూర్చున్నప్పుడే నాకు మొదటిసారి తోచింది.

నలుగురిలో బందరు ఇన్‌ఛార్జి ఒక్కడే నాతో చనువుగా ఉండేవాడు. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. డిప్లొమా చదివి డిపోలో కూర్చున్న మొదటివాడు అతనే. నన్ను 'బాబుగారూ' అని పిలిచేవాడు. అందులో మర్యాద ఎంతో, వేళాకోళం ఎంతో నాకెప్పుడూ తేలేది కాదు.

"బాబుగారూ, మీరు కాస్త కదులుతుండాలి," అన్నాడొకసారి ఫోనులో. "మీరట్టా నిటారుగా కూచుంటే లైను ఆగిపోయి బొమ్మ బిగిసిపోయిందో, మీరే బిగిసిపోయారో మాకు తెలవట్లా."

నిజంగానే ఆ రోజుల్లో బొమ్మ తరచూ బిగిసిపోయేది. మనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయేవాడు. కాసేపటికి దానంతటదే కదిలేది.

ఆ ఏడు సుడిదోమకి జనరల్ మేనేజరు గారు ఒక కొత్త మందు తెప్పించారు. మందు చేసే కంపెనీని ఒప్పించి, డబ్బా రంగు దగ్గర్నుంచీ తనే ఎంచి, డిపోలన్నిటికీ పంపించారు. పొద్దున్నే లైను మొదట్లో దాని మోతాదు, ఎకరానికి ఎన్ని నీళ్ళలో ఎంత కలపాలో, నేను చదివేవాణ్ణి. డిపోలవాళ్ళు రాసుకుని రైతులకి చెప్పేవారు.

వానలు లేక ఆ ఏడు కాలవలకి నీళ్ళు సరిగా రాలేదు. ఆఫీసులో కూర్చున్న నాకు అది పేపర్లో చదివిన వార్త మాత్రమే.

సీజన్ సగంలో జనరల్ మేనేజరు గారు నన్ను తన గదిలోకి పిలిచారు. "మైలవరం కాగితం ఇదుగో, నా దగ్గరే ఉంది," అన్నారు. "నేను పంపేద్దామనే చూస్తున్నా. మీరు మాత్రం ఈ నాలుగు వారాలూ ఎం.డి. గారి కళ్ళబడే పని ఏమీ పెట్టుకోకండి. చదవమన్నది చదవండి, వాళ్ళు చెప్పింది రాసుకోండి. ఆయనకి మీరింకా నచ్చారంటే ఇక నా చేతిలో ఉండదు."

జనరల్ మేనేజరు గారికి నేను ఆ గదిలో ఉండటం ఇష్టం లేదు. నాకూ లేదు. మా ఇద్దరికీ కుదిరిన ఒప్పందం అదొక్కటే. సరేనన్నాను.

ఆ ఆదివారం నేనూ మా ఆవిడా బస్సెక్కి మైలవరం వెళ్ళి ఇల్లు చూశాం. రెండు గదులు, వెనక బావి. ఇంటాయన బనీనుతో అరుగు మీద కూర్చుని పేరడిగాడు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను. "ఏ ఊరండీ?" అన్నాడు. విజయవాడ అన్నాను. "అట్టాగా" అని తాళంచెవి తేవడానికి లోపలికి వెళ్ళాడు. అంతే. ఆయన చూపు నా చెప్పుల మీదకి దిగలేదు. బస్సులో తిరిగి వస్తుంటే మా ఆవిడ, "ఏంటి, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది.

ఆ తర్వాత ఒక శుక్రవారం జనరల్ మేనేజరు గారు ఆఫీసుకి రాలేదు. ఎవరో డీలరు ఇంట్లో పెళ్ళి. ముందురోజు సాయంత్రం వెళ్తూ నా టేబులు దగ్గర ఆగి, "పెళ్ళి మీ ఇంట్లోనేనండోయ్, అదే, ఆ ఫంక్షన్ హాల్లో. చాలా బాగుంటుందట కదా" అన్నారు. బాగుంటుందండీ అన్నాను.

ఆ పొద్దున గదిలో నేనొక్కణ్ణే కూర్చున్నాను. లైను కలిసింది. అప్పటికే రెండుసార్లు బొమ్మ బిగిసి, మళ్ళీ కదిలింది. పక్క గదిలో ఎలక్ట్రీషియన్ గోడకి రంధ్రం వేస్తున్నాడు. ఆ రొద అవతలికి పోతుందని మోతాదు చదవడం అవగానే మైకు మీట నొక్కి నా వైపు శబ్దం ఆపేశాను. రొద తగ్గాక మాట్లాడదామని చేతులు కట్టుకుని ఎదురు చూస్తున్నాను.

"సార్? సార్, వినపడుతుందా?" అన్నాడు గుడివాడ.

నేను మీట కోసం చెయ్యి చాపబోతున్నాను. ఈలోగా బందరు అందుకున్నాడు. "బిగిసిపోయిందయ్యా. చూడు, కన్ను కూడా ఆర్పట్లా."

"మేనేజరు గారేరి?"

"పెళ్ళికెళ్ళాడంట. పోన్లే, కాసేపు ఊపిరి పీల్చుకోండి."

ఇక చెయ్యి చాపలేదు. ఎందుకంటే ఆ వెంటనే అవనిగడ్డ ఇన్‌ఛార్జి, ఎప్పుడూ రెండు మాటలకి మించి మాట్లాడని మనిషి, బందరుని పలకరించాడు. "ఏమయ్యా, ఆ కొత్త మందు మీ దగ్గరెట్టా ఉంది?"

"ఎట్టా ఉండటమేంటి, విరిగిపోతుంటే! నీళ్ళలో పోస్తే పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలు. పంపులో అడ్డం పడుతోంది. దోమ హాయిగా కూచునుంది."

"మా దగ్గరా అంతే. అయితే మా రైతొకాయన మంచినీళ్ళ చెరువు నీళ్ళు తెచ్చి కలిపితే బానే కలిసిందయ్యా. బోరు నీళ్ళకే విరుగుతోంది."

"అట్టాగా? మాకు గుడివాడలో ఏ గొడవా లేదే," అన్నాడు గుడివాడ. "కాలవ నీళ్ళు ఇంకా వస్తున్నాయిగా."

"అదీ సంగతి! ఉప్పుకి విరుగుతోందన్నమాట. ఇక్కడ కాలవెండిపోయింది, అంతా ఉప్పు బోర్లే. మరి ఈ మాట రోజూ లైన్లో చెప్పవే?"

"నువ్వు చెప్పావా? మేనేజరు గారి మందు, మేనేజరు గారి ఎదురుగా!"

ముగ్గురి దగ్గరా మూడు ముక్కలున్నాయి. పక్కపక్కన పెడితే సంగతి తేలిపోయింది. ఇన్ని వారాలుగా ఈ టీవీ పెట్టింది దీనికే. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చున్నాను. కదిలితే ఆపేస్తారు.

"మరి విరిగే మందుని ఎట్టా అమ్ముతున్నావు నువ్వు?" అన్నాడు అవనిగడ్డ.

బందరు నవ్వాడు. "ఈ బాబుగారి పేరు చెప్పి. మొన్నొక పెద్దాయన నాకొద్దు పొమ్మన్నాడు. ఈ మోతాదు చెప్పిందెవరనుకున్నావు, ఫలానావారి మనవడు అన్నా. ఆ ఇంటాయన చెప్పాడా అని అప్పటికప్పుడు పట్టుకెళ్ళాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది. విరిగిన మందుని బకెట్టుతో తెచ్చి చూపించాడు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో మాటంటే మాటేనయ్యా, ఇప్పుడిట్టా అయిందేంటి అన్నాడు. ఏం చెప్పను?"

మైలవరం ఇన్‌ఛార్జి అప్పుడు నోరు విప్పాడు. "ఆయన మా దగ్గరికే వస్తున్నాడంటగా. మా బావమరిది అత్తగారిది ఆ పక్క ఊరే. వాళ్ళ సంగతులన్నీ మా కౌంటర్లో కూచుని చెప్పిపోయింది. ఇక్కడందరికీ తెలుసు."

రొద ఎప్పుడాగిపోయిందో నాకు తెలియలేదు. కాసేపటికి బందరు తన మరదలి పెళ్ళిచూపుల సంగతి మొదలుపెట్టాడు. అది అయ్యాక, "లైను తీసేద్దాం, ఇవాళ్టికి ఇది కదలదు" అన్నాడు. నాలుగు ముక్కలూ ఒకటొకటే నల్లబడ్డాయి.

మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని లెక్క వేసుకున్నాను. నోరు మూసుకుంటే జనరల్ మేనేజరు గారు సంతకం పెట్టించేస్తారు. మైలవరంలో నా పేరు ముందే చేరిపోయినా, ఈ గది మాత్రం తప్పుతుంది. నోరు విప్పితే ఆయన మందుని ఎం.డి. గారి ఎదుట కాదనడమే. అక్కడితో నేను ఎం.డి. గారి కళ్ళలో పడతాను, ఇక నన్ను కదలనివ్వరు. ఇది నాకు స్పష్టంగానే తెలుసు. కానీ ఆ బకెట్టు పెద్దాయన మాట నన్ను వదల్లేదు. పొలం పోయింది, ఇల్లు పోయింది, వాటి గురించి ఎవరేమన్నా పడ్డాను. మాట గురించి అనిపించుకోవడం అదే మొదలు.

శనివారం సెలవు పెట్టి బందరు వెళ్ళాను. డిపోలో నన్ను చూసి ఇన్‌ఛార్జి లేచి నిలబడ్డాడు.

"ఆ పెద్దాయన ఊరికి తీసుకెళ్ళండి," అన్నాను.

"ఏ పెద్దాయనండీ?"

"బకెట్టు తెచ్చినాయన."

"అయితే నిన్న బొమ్మ బిగిసిపోలా."

"లేదు."

"మొత్తం విన్నారా?"

"విన్నాను."

"మా మరదలి సంగతి కూడానా?"

"అదీ విన్నాను. ఆ సంబంధం వద్దనండి."

అతను పగలబడి నవ్వి, ఆ వెంటనే ఆగిపోయాడు. "బాబుగారూ, ఇది నేనన్నానని మాత్రం మేనేజరు గారికి..."

"మీరెవరూ అనలేదు. నేనే చూశానని చెప్తాను. అందుకే వచ్చాను."

పెద్దాయన ఊళ్ళో లేడు, కొడుకు ఉన్నాడు. బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం. ఒక సీసా నింపుకున్నాను. నా పేరు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆ సీసా, ఒక కృష్ణ నీళ్ళ సీసా, రెండు గాజుగ్లాసులు, మందు డబ్బా పట్టుకుని గదిలోకి వెళ్ళాను. జనరల్ మేనేజరు గారు ఒకసారి వాటిని చూసి, "ఏంటండీ ఇవి?" అన్నారు. సమాధానం చెప్పేలోగా లైను కలిసింది. హైదరాబాదులో ఎం.డి. గారు, నాలుగు డిపోలూ.

మోతాదు చదవడానికి బదులు, "సార్, ఒకటి చూపించాలి" అన్నాను. గ్లాసుల్లో రెండు రకాల నీళ్ళు పోసి, ఏది ఏ ఊరి నీరో చెప్పి, రెంటిలోనూ మందు ఒంపాను. కృష్ణ నీళ్ళు పాలలా తెల్లగా అయ్యాయి. బందరు నీళ్ళలో తరకలు కట్టి, నూనె తెట్టులా పైకి తేలింది. మూసిన గదిలో మందు ఘాటు గుప్పుమంది. వెనక జనరల్ మేనేజరు గారు దగ్గడం మొదలుపెట్టారు.

"దగ్గరికి పెట్టండి," అన్నారు ఎం.డి. గారు. గ్లాసు కెమెరాకి ఆనించాను. "ఇది మీకెవరు చెప్పారు?"

మా ఇంట్లో ఎవరైనా ఒక మాటంటే ఎలా తెలుసని ఎదుటివాళ్ళు అడిగేవారు కారు. ఇక్కడ అడిగారు. "వెళ్ళి చూశానండి," అన్నాను.

"నీళ్ళు ఒక్క చోటివేగా," అన్నారు జనరల్ మేనేజరు గారు దగ్గు మధ్యలోనే. "సార్, ఒక్క బోరుని పట్టుకుని మందుని..."

తెరలో నాలుగు మొహాలూ అలాగే ఉన్నాయి. వాళ్ళని ఒక్క మాట అడగకూడదని ముందే అనుకున్నాను, అడగలేదు. చివరికి బందరు గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడన్ని ఊళ్ళలోనూ అంతేనండీ."

"మా దగ్గరా అంతేనండి," అన్నాడు అవనిగడ్డ. "మంచినీళ్ళ చెరువు నీళ్ళతో అయితే కలుస్తోందండి."

"కాలవ నీళ్ళకి ఇబ్బంది లేదండి," అన్నాడు గుడివాడ.

ఎం.డి. గారు బల్ల మీదున్న కాగితం ముందుకి లాక్కున్నారు. ఉప్పునీళ్ళ ఊళ్ళలో ఆ మందు ఆపమన్నారు. అమ్మింది వెనక్కి తీసుకోమన్నారు. మందు చేసే కంపెనీతో తనే మాట్లాడతానన్నారు. జనరల్ మేనేజరు గారిని ఏమీ అనలేదు, ఆయనవైపు చూడనూ లేదు. అప్పుడు నావైపు తిరిగి నవ్వారు.

"ఇదీ నేనడిగింది. ఇన్నాళ్ళకి ఈ టీవీ డబ్బులు కిట్టాయి. మీరు ఇక ఆ కుర్చీలోంచి కదలొద్దు."

"సార్, నేను మైలవరం అడిగానండి."

ఒకే సంగతి రెండోసారి అడగడం నా జీవితంలో అదే మొదలు. నలుగురూ వింటున్నారు, వెనక జనరల్ మేనేజరు గారు వింటున్నారు. టీవీలో ఎం.డి. గారి పెదవులు కదిలాయి. మాట రాకముందే నాకు అర్థమైంది.

"మైలవరానికి ఎవరైనా వెళ్తారండీ. మీరక్కడుంటే ఒక్క డిపోకి లాభం. ఇక్కడుంటే నాలుగింటికీ లాభం. మీరే చెప్పండి."

ఆయనన్నది నిజం. ఆ నిజాన్ని నేనే రెండు గ్లాసుల్లో పోసి చూపించాను.

ఆ తర్వాత పొద్దుటి లైను మారిపోయింది. జనరల్ మేనేజరు గారు రావడం తగ్గించారు. వచ్చినా వాళ్ళు మాట్లాడటం ఆపలేదు. ఆకులు తెచ్చి కెమెరా ముందు పెట్టేవారు, పురుగుని అగ్గిపెట్టెలో పట్టుకొచ్చి చూపించేవారు, ఒకరి మాటకి ఒకరు అడ్డం తగిలి వాదించుకునేవారు. గుడివాడలో పొద్దున చూసింది బందరులో పొద్దున్నే తెలిసేది. లైను ఆపాక నా ఫోను మోగడం మానేసింది. మంచి పనే జరిగింది, నేను కాదనను. రైతుల్ని కూడా డిపోకి పిలిచి తెరలో నన్ను చూపించేవారు. నేను ఆకు చూసి మందు చెప్తుంటే వెనక ఎవరో పెద్దాయన, "ఈయన ఫలానావారి అబ్బాయి కదూ" అని పక్కాయనతో అనడం మైకులో వినిపించేది. ఇప్పుడు ఒకేసారి నాలుగు ఊళ్ళలో అనేవారు.

మా ఆవిడ ఒక్కటే అడిగింది. "అడగలేకపోయారా?"

"అడిగాను."

మైలవరం ఇంటాయనకి ఇల్లు వద్దని ఆవిడే కార్డు ముక్క రాసి పడేసింది.

మైలవరం పోస్టు మా ఆఫీసులోనే సేల్స్ చూసే ఒకతనికి ఇచ్చారు. వెళ్ళేముందు రోజు పొద్దున్నే గదిలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంచివాడు, నాకంటే చిన్నవాడు.

"రేపట్నుంచి మీకు నేను టీవీలోనే కనపడేదండీ," అన్నాడు. "పత్తి సంగతి నాకంతగా తెలవదు. అడుగుతుంటా, విసుక్కోకండి."

"అడగండి. ఎవరున్నారని చూడకండి, తెలియనిది తెలియదని అందరి ముందే అడగండి."

అతను వెళ్ళబోయి ఆగాడు. "నాకర్థం కానిదొకటండీ. సార్‌కి మీరంటే ఇంత గురి. మీరు కావాలంటే ఏదైనా ఇచ్చేవారు. మరి ఈ చీకటి గదిలో ఎందుకుండిపోయారండీ?"

లైనుకి వేళైంది. అతన్ని బయటికి పంపి తలుపు వేసుకున్నాను.